అమ్మకు గంగోత్రి చూపించాలంటే నాలుగు ధామాలూ తిప్పాలా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మకు 68 ఏళ్లు. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. గంగోత్రిలో గంగమ్మను చూసి మూడు మునకలు వేయాలని ఎన్నాళ్లనుంచో అడుగుతోంది. ఎలాగూ అంత దూరం వెళ్తాం కదా, పది రోజుల్లో యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బదరీనాథ్ నాలుగు ధామాలూ చూపించే టూర్‌కి డబ్బు కట్టేద్దాం అంటున్నాడు అన్నయ్య. నాకేమో టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే కట్టొద్దని మీ అన్నయ్యకు చెప్పండి తల్లీ. అమ్మగారు అడిగింది గంగోత్రి ఒక్కటే కదా! గంగోత్రికి గుడి దగ్గర దాకా కారు పోతుంది, దిగాక అంగళ్ల మధ్య నుంచి కొద్ది దూరం నడిస్తే చాలు. యమునోత్రికి జానకీచట్టి నుంచి ఐదారు కిలోమీటర్లు ఎక్కాలి, కేదార్‌నాథ్ నడక అంతకంటే చాలా ఎక్కువ. గుర్రాలు, డోలీలు ఉన్నాయంటారు, నిజమే, కానీ నొప్పుల మోకాళ్లతో గుర్రం మీద గంటల తరబడి కూర్చోవడం కూడా చిన్న కష్టం కాదు.

నన్నడిగితే గంగోత్రికే నిదానంగా తీసుకెళ్లండి. గుడి సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉంది, మనమేమో సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లం, ఒక్కసారిగా అంత ఎత్తుకు పోతే తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. అందుకే హరిద్వార్ నుంచి ఉత్తరకాశీ చేరి రాత్రి అక్కడే ఉండండి, అక్కడి విశ్వనాథుణ్ణి కూడా చూసుకోవచ్చు. మర్నాడు దారిలోని హర్సిల్ ఊళ్లో ఆగి, ఆ తర్వాత పైకి వెళ్లండి. పైన ఆయాసం ఎక్కువైతే తెల్లారేదాకా చూద్దాంలే అనుకోకుండా వెంటనే కిందికి దిగిపోవాలి. బయల్దేరేముందు డాక్టరుకు చూపించండి, బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు. ఉత్తరాఖండ్ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోవాలి, అది తప్పనిసరి.

ఇక మునకల సంగతి. జొన్నవాడ దగ్గర పెన్నలో దిగినట్టు అక్కడ దిగడానికి లేదు. గంగోత్రిలో భాగీరథి (అక్కడ గంగమ్మ పేరు అదే) మంచు కరిగిన నీళ్లతో ఉరుకుతూ ఉంటుంది. అంత చల్లటి నీళ్లలో ఒక్కసారిగా మునిగితే బీపీ ఉన్నట్టుండి పెరుగుతుంది. మెట్ల మీద కూర్చోబెట్టి చెంబుతో కాళ్లూ చేతులూ కడిగించి, తలమీద నాలుగు చుక్కలు చల్లండి. మునగకపోతే పుణ్యం రాదని అక్కడెవరైనా అన్నా పట్టించుకోవద్దు, అమ్మగారికి ఈ మాట ఇంటి దగ్గరే నచ్చజెప్పండి, ఘాట్ మీద వాదన పెట్టుకుంటే ఆమె మనసు నొచ్చుకుంటుంది.

జూలై, ఆగస్టు మాత్రం వద్దు. వానలకు కొండచరియలు విరిగి దారి మూసుకుపోతుంది. 2025 ఆగస్టు 5న వరద ముంచేసిన ధరాలీ ఊరు ఈ దారిలోనే ఉంది. మే నెలలో గానీ, సెప్టెంబరు చివర్లో వానలు తగ్గాక గానీ వెళ్లండి.

ప్రశ్న: మాకు దీపావళి తర్వాతే సెలవు దొరుకుతుంది. అప్పుడు గంగోత్రి గుడి తెరిచి ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఉండదండీ. అక్షయ తృతీయకు తెరిచి, దీపావళి మర్నాడు అన్నకూట్ రోజున మూసేస్తారు. అమ్మవారి ఉత్సవమూర్తిని పల్లకిలో హర్సిల్ దగ్గరి ముఖ్బా గ్రామానికి తీసుకెళ్తారు, చలికాలమంతా పూజలు అక్కడే. కాబట్టి మీరు ముఖ్బాకు వెళ్లి దర్శనం చేసుకోవచ్చు. ఉన్ని బట్టలు మాత్రం గట్టివి పట్టుకెళ్లండి, మన ఒంగోలు చలికి కట్టుకునే శాలువాలు అక్కడ ఏ మూలకూ చాలవు.