చెరువు గట్టు మీది ఫ్లాస్కు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం మొన్న సోమవారం అందింది. ఒకసారి ఊరికే చదివాను, ఇంకోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. "కాఫీ, టీలు నెమ్మదిగా చంపే విషాలు" అని పేరు పెట్టావు. చివర మాత్రం సన్నటి అక్షరాలతో "టీచరుగారూ, ఇది చెరువు గట్టు మీద రాత్రి రెండింటికి రాశాను, ఫ్లాస్కులో టీ కూడా అయిపోయింది, తప్పులుంటే మన్నించండి" అని రాశావు. మొత్తం వ్యాసంలో నాకు నచ్చిన వాక్యం అదే. పైన ఉన్న నాలుగు పేజీలూ ఎవరైనా రాయగలరు. ఆ వాక్యం మాత్రం భీమవరం పక్కన రొయ్యల చెరువుకి రాత్రి కాపలా కాసే కుర్రాడే రాయగలడు. వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ మీద నువ్వు మోపిన నేరాలు లెక్కపెట్టాను నాన్నా. రక్తం తగ్గుతుంది, షుగరు వస్తుంది, కాన్సర్ వస్తుంది, ఒంట్లో నీరు పోతుంది, లివరు పాడవుతుంది, నిద్ర పట్టదు. ఆరు. వీటిలో కొన్ని నేరాలే కావు. కొన్ని నేరాలే గానీ చేసినవాడు వేరు. నిజంగా కెఫీన్ చేసేది ఒకటుంది, దానికి నువ్వు ఒక్క పంక్తి ఇచ్చి ఊరుకున్నావు. తీర్పు చెప్పేముందు ఎవరు ఏం చేశారో విడదీయాలి. ఆ పని చేయకపోతే చదివేవాడు భయపడి రెండు రోజులు కాఫీ మానేస్తాడు, మూడో రోజు మళ్ళీ మొదలుపెడతాడు. నీ రాతవల్ల వాడికి ఒరిగేది ఏమీ ఉండదు.

రక్తం సంగతి ముందు చెబుతాను, అది నా ఒంటి మీద జరిగింది కాబట్టి. మా రెండోవాడు కడుపులో ఉన్నప్పుడు నాకు రక్తం తక్కువగా ఉందని ఆసుపత్రిలో ఐరన్ బిళ్ళలు ఇచ్చారు. ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే కాఫీతో వేసుకునేదాన్ని. మూడు నెలలు వేసుకున్నా రక్తం ఎనిమిది దాటలేదు. తిండి సరిగా పెట్టడంలేదని మా అత్తగారిని అందరూ తప్పుపట్టారు. పాపం ఆవిడ నాకు రోజూ తోటకూర పప్పు చేసి పెట్టేది. చాలా ఏళ్ళకి తెలిసింది, కాఫీ టీల్లో ఉండే టానిన్లలాంటి వగరు పదార్థాలు ఇనుముని పట్టేసుకుంటాయని, అలా పట్టేసిన ఇనుము ఒంటికి సరిగా అందదని. మనం తినే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుముకి ఈ దెబ్బ మరీ ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట కాఫీ, టీలు వద్దన్నది ఇందుకే. చూశావా, ఇది కెఫీన్ చేసిన పని కాదు. కెఫీన్ తీసేసిన కాఫీతో మింగినా ఇంతే జరుగుతుంది. ఊడ్పుల రోజుల్లో మన చేలల్లో ఆడవాళ్ళు గట్టు మీద క్యారేజీలు విప్పి అన్నం తిన్నవెంటనే గ్లాసుల్లో టీ పోసుకోవడం నువ్వు చిన్నప్పటినుంచీ చూస్తున్నావు. నీ వ్యాసం వాళ్ళకి "టీ మానేయండి" అని చెబితే వినరు, వినాల్సిన అవసరమూ లేదు. నడుం వంచి పనిచేసే మనిషికి ఆ టీ ఎంత ఊరటో మనకి తెలుసు. "ఒక గంట ఆగి తాగండి" అని చెబితే నలుగురైనా వింటారు. ఈ ఒక్క ముక్క వాళ్ళకి చేరినా నువ్వు రాసినందుకు ఫలితం ఉంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. షుగరు మాట ఎత్తావు గానీ టీకొట్టులో గ్లాసుకి పడే పంచదార మాట ఎత్తలేదు. రోజుకి ఆరు టీలు తాగేవాడు ఎన్ని చెంచాల పంచదార తాగుతున్నాడో లెక్కవెయ్యి, అది వేరే పద్దు. కాన్సర్ గురించి, ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది ఇదీ: కాఫీ కాన్సర్ తెస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు, కానీ 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకి ముప్పు ఉండొచ్చు. అంటే అక్కడ నేరం వేడిది. పొగలు కక్కే టీ గుటకలు వేసేవాళ్ళకి చెప్పాల్సిందే, అయితే పేరు సరిగ్గా పెట్టి చెప్పు. ఒంట్లో నీరు పోతుందన్నది అలవాటున్న మనిషి విషయంలో పెద్దగా నిజం కాదు, కాఫీలో ఉన్న నీళ్ళూ నీళ్ళే. లివరు విషయంలో నువ్వు పూర్తిగా తిరగేసి రాశావు. కాఫీ తాగే అలవాటున్నవాళ్ళలో లివరు జబ్బులూ, పెద్ద వయసులో వచ్చే షుగరూ, ఒళ్ళు వణికే పార్కిన్సన్స్ జబ్బూ తక్కువగా కనిపించాయని పెద్ద పెద్ద పరిశీలనలు వచ్చాయి. అలాగని కాఫీ మందు అని రాసేయకు. అవి మనుషుల అలవాట్లని ఏళ్ళ తరబడి గమనించి రాసుకున్న లెక్కలు, కాఫీయే కారణమని అవి రుజువు చేయవు. పైగా షుగరు విషయంలో కెఫీన్ లేని కాఫీ తాగినవాళ్ళలోనూ అదే కనిపించింది. నిందలాగే మెప్పు కూడా ఎవరికి చెందాలో వాళ్ళకే ఇవ్వాలి.

టీలో కెఫీన్ లేదని రెండో పేజీలో రాశావు. ఉంది. 1819 ప్రాంతంలో జర్మనీ రసాయన శాస్త్రవేత్త రుంగే కాఫీ గింజల్లోంచి కెఫీన్‌ని విడదీశాడు. తర్వాత టీలో దొరికినదాన్ని వేరే పదార్థం అనుకుని "థీన్" అన్నారు. చివరికి రెండూ ఒకటేనని తేలింది.

ఇప్పుడు అసలు సంగతి, నిద్ర.

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ మత్తు కమ్ముతుంది, ఇక పడుకో అని ఒళ్ళు చెబుతుంది. కెఫీన్ వెళ్ళి అడినోసిన్ కూర్చోవలసిన చోట్లలో తను కూర్చుంటుంది. మన కాలువ లాకులు చూశావుగా. తలుపులు వేస్తే దిగువన నీరు కనిపించదు, ఎగువన మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కాఫీ చేసేది అంతే. అలసటని తీసెయ్యదు, కనబడకుండా ఆపుతుంది. తలుపులు తెరుచుకున్నాక ఒక్కసారిగా దిగుతుంది. "కాఫీ శక్తినిస్తుంది" అని నీ మొదటి పేజీలో ఉంది, దాన్ని కొట్టేశాను.

ఇంకో లెక్క. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. కొందరికి మూడు గంటలే, కొందరికి ఏడు. సిగరెట్టు కాల్చేవాళ్ళకి త్వరగా పోతుంది, కడుపుతో ఉన్నవాళ్ళకి చాలా ఆలస్యం. అందుకే మీ బాబాయి రాత్రి భోజనమయ్యాక కాఫీ తాగి గురకపెట్టి నిద్రపోతే, అదే కాఫీకి మీ పిన్ని తెల్లవార్లూ పైకప్పు చూస్తూ పడుకుంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. వ్యాసంలో ఇద్దరికీ చోటుండాలి.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పిల్లలు పడుకున్నాక రాసేదాన్ని. తొమ్మిదిన్నరకి ఇత్తడి ఫిల్టరులో మిగిలిన డికాక్షను వెచ్చబెట్టుకుని చిక్కగా ఒక గ్లాసు తాగి కూర్చునేదాన్ని. అరగంటకల్లా మాటలు పరుగెత్తుకొచ్చేవి. రెండింటికి నా ఒంట్లో ఆ గ్లాసులో దాదాపు సగం ఇంకా ఉండేదన్నమాట. అయిదింటికి లేవాలి, వంట, పిల్లలు, పడవరేవు, బడి. లేవగానే తల దిమ్ముగా ఉండేది కాబట్టి మళ్ళీ కాఫీ. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. నాకు నిద్రలేమి జబ్బు ఉందనుకున్నాను, గుండె దడ కూడా మొదలైంది. చివరికి ఒక పెద్ద డాక్టరు రోజుకి ఎన్ని కాఫీలని అడగలేదు, ఆఖరిది ఎన్నింటికి తాగుతావని అడిగాడు. ఆఖరి కాఫీని మధ్యాహ్నం మూడింటికి జరిపాను. కాఫీ మానలేదు, తగ్గించను కూడా లేదు, జరిపానంతే. నెల తిరక్కుండానే రాత్రి పదింటికి కళ్ళు మూతలు పడ్డాయి, నాలుగింటికి వాటంతటవే తెరుచుకున్నాయి.

రాతలో ఏం మారిందో కూడా నీకు చెప్పాలి. రాత్రిపూట కాఫీ తాగి రాసిన కాగితాల్లో మాటలు ఎక్కువ, చూపు తక్కువ. ఒక పోలిక తట్టగానే దాని వెనక ఇంకో రెండు వచ్చేవి, మూడూ బాగున్నాయనిపించేది. తెల్లారి చదివితే ఒకటే నిలిచేది. నిద్రపోయి లేచి రాసిన పేజీలో కొట్టివేతలు తగ్గాయి. ఇది నా ఒక్కదాని అనుభవం, సైన్సుగా చెప్పడంలేదు. కానీ నీ వ్యాసంలో మూడో పేజీ ఎన్నింటికి రాశావో నేను చెప్పగలను.

నీ సంగతి వేరని నాకు తెలుసు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటరు ఆగితే పంట మొత్తం తేలిపోతుంది, నువ్వు మేలుకుని తీరాలి. మీ నాన్న అప్పు ఆ నీళ్ళలో ఉంది. అలాంటి మనిషికి రాత్రి టీ వద్దని నేనెలా చెబుతాను? నువ్వు ఏడింటికి ఇంటికొచ్చి పడుకుంటావు కదా. ఫ్లాస్కుని పదింటి నుంచి ఒంటిగంట లోపల ఖాళీచెయ్యి. ఒంటిగంట దాటాక తాగే టీయే నీ పగటి నిద్రని కొరుక్కుతింటోంది. ఆ వేళ మొహం కడుక్కో, గట్టు మీద నడు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్‌ట్రేలు చూసిరా.

కొలతల దగ్గర నువ్వు తేలిపోయావు. "రోజుకి మూడు కప్పులు మించరాదు" అని రాశావు. ఏ కప్పు? టీకొట్టు కాగితం కప్పు చూస్తే నాలుగు గుటకలు, మా ఇంటి స్టీలు గ్లాసు దానికి మూడింతలు. పోషకాహార సంస్థ లెక్కలో 150 మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంటు కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 కెఫీన్ ఉంటుంది. రోజుకి 300 దాటొద్దని వాళ్ళ మాట. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యవంతులైన పెద్దలకి 400 వరకు, గర్భిణులకి 200 వరకు ఫరవాలేదంది. రెండూ రాయి, ఎవరు చెప్పారో రాయి. "పరిశోధనలు చెబుతున్నాయి" అని గాల్లో వదలకు. కాఫీపొడిలో చికోరీ అనే వేరు పొడి ఎంత కలిసిందో కూడా చూడాలి, చికోరీలో కెఫీన్ ఉండదు. నీ దగ్గర చెరువు మందులు కొలిచే కొలపాత్ర ఉంది కదా, మీ ఊరి టీకొట్టు గ్లాసుని దాంతో కొలిచి ఆ అంకె వ్యాసంలో పెట్టు. ఆ అంకె ఏ పుస్తకంలోనూ దొరకదు. చెరువు పుస్తకంలో మేత, డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ (నీటి పులుపు, క్షారాల కొలత) రాస్తావు కదా, అదే పుస్తకం చివరి పేజీలో నీ టీల వేళలూ నిద్ర గంటలూ పదిహేను రోజులు రాసుకో. రొయ్యకి పెట్టినంత లెక్క నీకు పెట్టుకో నాన్నా.

"మానేస్తే చాలు" అన్న ముగింపు ప్రమాదం. 1986 ఆగస్టు వరద నీకు తెలియదు, మీ నాన్ననడుగు. మా లంక మునిగితే బడి మేడ మీద నాలుగు రోజులున్నాం. అన్నం పొట్లాలు వచ్చాయి, కాఫీ లేదు. రెండోరోజుకి నాకు తల పగిలిపోయింది, చిరాకు, వికారం. వరదనీటి జ్వరమేమోనని భయపడ్డాం. అది కాఫీ అందని తల. అలవాటైన మనిషి ఒక్కసారి ఆపితే పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపల ఈ నొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజులకి ముదురుతుంది, వారం దాకా ఉండొచ్చు. కొన్ని తలనొప్పి బిళ్ళల్లో కెఫీన్ కలుపుతారని తెలుసుకున్నప్పుడు నాకీ ముడి విడిపోయింది. తగ్గించాలనుకున్నవాళ్ళు రెండుమూడు రోజులకి అరగ్లాసు చొప్పున తగ్గించుకోవాలని రాయి.

గట్టిగా హెచ్చరించాల్సినవాళ్ళూ ఉన్నారు, అక్కడ మెత్తబడకు. కడుపుతో ఉన్నవాళ్ళు, గుండె దడ ఉన్నవాళ్ళు, ఊరికే కంగారుపడే స్వభావం ఉన్నవాళ్ళు. పిల్లలు మరీ ముఖ్యం. పరీక్షల ముందు హాస్టలు పిల్లలు ఎనర్జీ డ్రింకు డబ్బాలు తాగి తెల్లవార్లూ చదువుతున్నారు. మన దేశ నిబంధనల ప్రకారం వాటిలో లీటరుకి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండొచ్చు, పిల్లలకి తగదని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. చదివింది తలలో నిలవాలంటే నిద్ర కావాలి. ఆ నిద్రనే అమ్ముకుని చదువుతున్నారు. దీని మీద నువ్వు ఎంత కోపంగా రాసినా నాకు సమ్మతమే.

"విషం" అన్న మాట పేరులోంచి తీసెయ్యి. కొత్త పేరు నేను పెట్టను, మళ్ళీ రాస్తే దానంతటదే వస్తుంది. నీ కాగితాలు, నా పెన్సిలు గుర్తులతో, ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. రొయ్యల పట్టుబడి ఎప్పుడో రాయి, అది అయ్యాక ఒకరోజు రా. కొలిచిన గ్లాసు కూడా పట్టుకురా. ఇత్తడి ఫిల్టరు ఇంకా వాడుతున్నాను. మూడింటి లోపల వచ్చావంటే ఇద్దరం చెరో గ్లాసు తాగుదాం.

ఆశీస్సులతో,
మీ టీచరు