ప్రసంగం చెప్పడం నేర్చుకుంటే వస్తుందా? సెమినరీలో నా అనుభవం

"సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే బైబిలు కళాశాలలో, మొదటి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల క్లాసులో అందరి ముందు ప్రసంగం చెప్పాలి. తలుచుకుంటేనే నోరెండిపోతోంది. ఇది నేర్చుకుంటే వచ్చేదా, లేక దేవుడు కొందరికే ఇచ్చే వరమా?" అని మీరు అడిగారు.

నేర్చుకుంటే వస్తుంది. నాకు అలాగే వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. నేను సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పాస్టరుగా తొమ్మిదేళ్ళ నుంచి ఉన్నాను. నా పాస్టరేటు, అంటే ఒక పాస్టరు చూసుకునే సంఘాల కింద ఉన్న ఊళ్ళన్నీ తిరుగుతూ ఆదివారం పూట రెండు చోట్ల, ఒక్కోసారి మూడు చోట్ల వాక్యం చెబుతాను. ఇప్పటికీ మొదటి కీర్తన పాడుతున్నప్పుడు అరచేతులు చల్లబడతాయి. కాబట్టి నోరెండిపోవడాన్ని చూసి మీకు పిలుపు లేదని అనుకోకండి. నిర్గమకాండం నాలుగో అధ్యాయంలో మోషే తనకు నోటి మాంద్యం, నాలుక మాంద్యం ఉన్నాయని మొరపెట్టుకుంటాడు. దేవుడు ఆ మాంద్యాన్ని తీసేశాడని అక్కడ రాసి లేదు. నీ నోటికి తోడుగా ఉంటానన్నాడు, పక్కన అహరోనును నిలబెట్టాడు. అంతే.

నా మొదటి ప్రసంగం సంగతి చెబుతాను. మాది సెరాంపూర్ సెనేట్ ఇచ్చే బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) కోర్సు. హోమిలెటిక్స్, అంటే ప్రసంగం తయారుచేసి చెప్పడం నేర్పే క్లాసులో ఒక్కొక్కరికి 15 నిమిషాలు ఇచ్చేవారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు కాగితాలు పట్టుకుని ఆరంభం, వాక్య వివరణ, గొంతు, చూపు, సమయం, ముగింపు అన్నింటికీ మార్కులు వేయాలి. నాకు మార్కు సువార్త రెండో అధ్యాయం వచ్చింది. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి పైకప్పు విప్పి యేసు ముందుకు దించిన భాగం. రెండు వారాలు లైబ్రరీలో కూర్చుని వ్యాఖ్యానాలు చదివి పదకొండు పేజీలు రాసుకున్నాను. గ్రీకు పదాలు కూడా పెట్టాను. తల ఎత్తకుండా మొత్తం చదివేశాను.

అయిపోయాక మా గురువుగారు, "ఆ కాగితాలు మూసేయ్. ఇప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు చెప్పు" అన్నారు.

మొదలుపెట్టాను. నలుగురు మోసుకొచ్చారు, దించారు, యేసు బాగుచేశాడు అన్నాను. "అంతేనా? దించగానే ఆయన మొట్టమొదట ఏమన్నాడు?" అని అడిగారు. నాకు గుర్తు రాలేదు. నీ పాపాలు క్షమించబడ్డాయి అన్నాడు. ఆ మాటకు శాస్త్రులు, అంటే ధర్మశాస్త్ర పండితులు, లోలోపల సణుక్కున్నారు, ఆ తర్వాతే మంచం ఎత్తుకుని నడవమన్నాడు. ఆ భాగానికి ప్రాణం అంతా ఆ వరుసలోనే ఉంది. పదకొండు పేజీల్లో నేను దాన్ని పట్టించుకోలేదు. వ్యాఖ్యానాలు చదివాను కానీ వాక్యాన్ని చదవలేదు. ఆయన కోప్పడలేదు. "ప్రసంగం తర్వాత రాద్దువు గానీ, ముందు ఆ ఇంట్లోకి వెళ్ళు" అన్నారు.

ఆ మాట అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం ఒక ఊళ్ళో, చదవడం రాని ఒక పెద్దమ్మ దగ్గర అర్థమైంది.

రెండో సంవత్సరంలో ప్రాక్టికల్ వర్క్ కోసం నన్ను మెదక్ వైపు ఒక ఊరికి పంపారు. శనివారం సాయంత్రం హైదరాబాదు నుంచి బస్సులో వెళ్ళడం, ఊరి సువార్తికుడి ఇంట్లో పడుకోవడం, ఆదివారం ఆరాధనలో సాయం చేసి సాయంత్రానికి హాస్టలుకు తిరిగి రావడం. రేకుల గుడి. చాపల మీద ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు. ఒక ఆదివారం అయ్యగారు, అంటే అక్కడి పాస్టరు, వేరే ఊళ్ళో బాప్తిస్మాలు ఇవ్వాల్సి ఉండి, "ఇవ్వాళ ప్రసంగం నీదే" అన్నారు.

రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం తీసుకున్నాను. భర్త చనిపోయిన ఒక స్త్రీ ఎలీషా ప్రవక్త దగ్గరికొచ్చి ఏడుస్తుంది. అప్పులవాడు తన ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఇంట్లో నూనె కుండ ఒకటి తప్ప ఏమీ లేదు. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అరువు తెచ్చుకుని, తలుపు మూసుకుని పొయ్యమంటాడు ఎలీషా. పాత్రలన్నీ నిండేదాకా నూనె ఆగదు.

నేను మూడు అంశాలు చేసుకున్నాను. ఖాళీ పాత్ర, మూసిన తలుపు, ఆగని నూనె. పాత్ర అంటే మన హృదయం, తలుపు అంటే ఏకాంత ప్రార్థన, నూనె అంటే పరిశుద్ధాత్మ. అరగంట చెప్పాను. ఆమేన్లు వినపడ్డాయి. బాగానే చెప్పాననుకున్నాను.

ఆరాధన అయ్యాక అందరూ వందనాలు చెప్పి వెళ్ళిపోయారు. ఒక పెద్దమ్మ మాత్రం చాప మీదనే కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "మంచిగ జెప్పినవ్ బిడ్డా. గని ఆమె అప్పు ముట్టిందా?" అంది.

నాకు ఒక్క క్షణం ఏం అడిగిందో అర్థం కాలేదు.

"పిలగాండ్లను తీస్కపోయిండా ఆడు?"

"లేదమ్మా. ఆ నూనె అమ్మి అప్పు కట్టేసింది" అన్నాను.

"ఇంక మిగిలిందా ఏమన్న?"

"మిగిలింది. దాంతోనే ఆమె, పిల్లలు బతికారు."

అప్పుడు ఆమె చెయ్యి వదిలి, రెండు చేతులూ జోడించి "దేవునికి స్తోత్రం" అంది.

ఏడో వచనంలో ఆ సంగతి స్పష్టంగా రాసి ఉంది. నేను దాన్ని చదివించాను కూడా. కానీ చదివిన పిల్లవాడు గబగబా చదివేశాడు, నా ప్రసంగంలో అప్పు అన్న మాటే మళ్ళీ రాలేదు. నేను నూనె గురించి మాట్లాడిన ఆ అరగంటా ఆమె ఆ ఇద్దరు పిల్లల కోసం భయపడుతూ కూర్చుంది. సువార్తికుడి భార్య ఆ రోజు అన్నం పెడుతూ చెప్పింది. ఆ పెద్దమ్మ కొడుకు గల్ఫ్‌కు పోవడానికి ఏజెంటుకు కట్టిన డబ్బు వడ్డీకి తెచ్చినదట. కొడుకు ఆర్నెల్లకే తిరిగొచ్చాడు, అప్పు మాత్రం అలాగే ఉండిపోయింది.

బస్సులో వస్తూ ఆ ఏడు వచనాలూ మళ్ళీ మళ్ళీ చదివాను. మొదటి వచనంలోనే ఇంకొకటి కనిపించింది. ఆమె భర్త ప్రవక్తల శిష్యుల్లో ఒకడు. అంటే దేవుని మాట నేర్చుకోవడానికి ఒక గురువు దగ్గర చేరినవాడు, ఒక రకంగా నాలాంటి విద్యార్థి. యెహోవా పట్ల భయభక్తులున్నవాడే, అప్పుల్లోనే చనిపోయాడు. నా గురించే ఉన్న కథలో నేను నన్ను కూడా గుర్తుపట్టలేదు.

నెల తర్వాత అదే ఊళ్ళో స్త్రీల మైత్రి కూడికలో అదే భాగం మళ్ళీ చెబుతానని అయ్యగారిని అడిగాను. ఈసారి అంశాలు పెట్టుకోలేదు. కథను వరసగా, నెమ్మదిగా చెప్పాను. మధ్య మధ్య ఆగి వాళ్ళను అడిగాను. పాత్రలు అరువు తేవడం దగ్గర ఒకామె, "అప్పులోల్లింటికి గిన్నె గూడ ఇయ్యరు సార్, తిరిగి రాదని" అంది. తలుపు మూసుకోమన్న చోట ఇంకొకామె మెల్లగా, "వడ్డీ అడగనీకి ఒస్తరని మేం గూడ తలుపు పెట్టుకుంటం" అంది.

ఆ తలుపు గురించి ఏకాంత ప్రార్థన అని చెప్పింది నేను. అప్పులవాడికి భయపడి రోజూ మూసుకునే తలుపు వెనకే దేవుడు ఆ ఇంటిని నింపాడని వాళ్ళ మాట విన్నాకే నాకు తోచింది. అది నేను చదివిన ఏ వ్యాఖ్యానంలోనూ లేదు. నూనె పరిశుద్ధాత్మకు గుర్తు అని చెప్పడం తప్పని నేను అనను, పెద్దలు చాలామంది అలా చెప్పారు. కానీ దేవుడు ముందు ఆమె అప్పు తీర్చాడు. ఆ సంగతి దాటవేసి నేరుగా గుర్తుల్లోకి వెళ్ళిపోతే కథలో ఉన్న మనిషినీ, ఎదురుగా చాప మీద కూర్చున్న మనిషినీ ఇద్దర్నీ వదిలేసినట్టే.

మీకు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. మీకిచ్చిన వాక్య భాగంలో ఎవరికి ఏ కష్టం వచ్చిందో, అది చివరికి ఏమైందో చూడకుండా మీ అంశాల్లోకి వెళ్ళకండి. పౌలు పత్రిక ఇచ్చినా సరే, ఎవరి మధ్య ఏ గొడవ జరిగితే ఆయన ఆ ఉత్తరం రాశాడో ముందు పట్టుకోండి.

ఇక తయారయ్యే పద్ధతి. మొదటి వారం వ్యాఖ్యానాల జోలికి వెళ్ళకండి. వాక్యాన్నే రోజూ పైకి చదవండి. మన పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది, వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, ఎక్కడ ఆపాలో తెలియకపోతే వినేవాళ్ళకు అర్థం మారిపోతుంది. నేను పెన్సిలుతో చిన్న గీతలు పెట్టుకుంటాను. చదవడం రానివాళ్ళకు ఆ చదువు ఒక్కసారి చెవిన పడటమే బైబిలు. దాన్ని గబగబా చదివించకండి. ఎవరు చదువుతారో ముందే చెప్పి, వాళ్ళతో ఒకసారి చదివించుకోండి. రెండో వారం వ్యాఖ్యానాలు తియ్యండి. మీకు తోచింది నిలబడుతుందో లేదో అవి చెబుతాయి, అది చాలా అవసరం. తర్వాత ప్రసంగం మొత్తం రాయండి. రాశాక దాన్ని ఒక పోస్టుకార్డు అంత కాగితం మీదికి దించండి. ప్రసంగ పీఠం మీదికి ఆ చిన్న కాగితమే తీసుకెళ్ళండి. మొత్తం రాయడం వల్ల ఆలోచన కుదురుతుంది, చిన్న కాగితం వల్ల తల పైకి లేస్తుంది.

భాష దగ్గర చాలామంది విద్యార్థులు తడబడతారు. క్లాసులో "నీతిమంతులుగా తీర్చబడుట", "ప్రత్యక్షత" అని రోజూ వింటాం కాబట్టి ఊళ్ళో కూడా అవే వస్తాయి. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో బిషప్పుగా ఉన్న ఆగస్టీను అంతకుముందు వక్తృత్వం బోధించిన పండితుడు. అలాంటివాడే, జనానికి అర్థం కాకపోవడం కంటే వ్యాకరణ పండితుల చేత తప్పు పట్టించుకోవడం మేలన్నాడు. ఆ మాట నాకు పెద్ద ధైర్యం. అలాగని ఇంకొకరి గొంతు తెచ్చుకోకండి. వీడియోల్లో చూసిన బోధకుల్లాగా గొంతు బొంగురుపోయేదాకా అరవడం మా బ్యాచ్‌లో కొందరు చేశారు. మైకు ఉన్నది నెమ్మదిగా మాట్లాడినా వినపడటానికే. సమయం కూడా అంతే. త్రోయలో పౌలంతటివాడు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తు కిటికీలోంచి పడిపోయాడు. వాడికి మళ్ళీ ప్రాణం రావడానికి పౌలు అక్కడ ఉన్నాడు. మీకు 15 నిమిషాలిస్తే పద్నాలుగు నిమిషాలకే ముగించండి.

ఒక పొరపాటు మాత్రం మీరు చెయ్యొద్దు. ఇంటర్న్‌షిప్‌లో ఉండగా, ఒక ఇంట్లో ప్రార్థనకు వెళ్ళినప్పుడు విన్న సంగతిని పేరు చెప్పకుండా ప్రసంగంలో ఉదాహరణగా వాడాను. చిన్న ఊరు. ఎవరి గురించో అందరికీ తెలిసిపోయింది. ఆ ఇంటి అమ్మాయి రెండు నెలలు గుడికి రాలేదు. వెళ్ళి క్షమించమని అడిగాను, వాళ్ళ నాన్న కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చారు కానీ ఆ అమ్మాయి గదిలోంచి బయటికి రాలేదు. నమ్మి చెప్పుకున్న మాట నమ్మినవాళ్ళదే. ఎంత మంచి ఉదాహరణ అయినా సరే.

వరమా అన్నారు కదా. 1912లో దోర్నకల్‌కు బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య గారు పుట్టుకతో తమిళులు. మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆయన బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత, తలమీద చెయ్యి పెట్టుకుని, "నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ" అనే అర్థం వచ్చేలా చెప్పించేవారు. ఆ తలల్లో అక్షరం రానివి ఎన్నో. ఆ మాట చెప్పడానికి వరం ఉందో లేదో చూసి ఆయన ఎవర్నీ వేరు చెయ్యలేదు. మీరు కూడా ఆ పరీక్ష పెట్టుకోకండి.

మీ వాక్య భాగం ఖరారవగానే చెయ్యాల్సిన మొదటి పని ఒకటుంది. బైబిలు కళాశాల మెట్లు ఎక్కనివాళ్ళు ఎవరైనా, అమ్మ కానీ, హాస్టల్లో వంట చేసే అక్క కానీ, వాళ్ళ దగ్గర కూర్చుని ఆ భాగంలో జరిగింది మామూలుగా చెప్పండి. వాళ్ళు మొట్టమొదట ఏం అడుగుతారో అది కాగితం మీద పైన రాసుకోండి. మీ ప్రసంగం అక్కడి నుంచి రాయడం మొదలుపెట్టండి.