డిబేట్‌కి వెళ్ళే ముందు యువాన్ సంగతి

చిరంజీవి అమ్మలుకి, పర్లాకిమిడి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

బరంపురంలో మీ కాలేజీ డిబేట్‌కి "అమెరికా వాణిజ్య లోటుకి చైనా కరెన్సీ విధానమే కారణం" అన్న అంశం ఇచ్చారనీ, నీకు సమర్థించే పక్షం పడిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. లోటంటే బయటికి అమ్మినదానికంటే బయట కొన్నది ఎక్కువ కావడం. రెండు పక్షాల్లో కష్టమైనదే నీకొచ్చింది. అలాగని భయపడక్కర్లేదు. ముప్పై ఏళ్ళ చరిత్రంతా నెత్తికెత్తుకోకుండా, నీ వాదన నిలబడే కాలం ఏదో చూసుకుని అక్కడే నిలబడు.

2003 నుంచి 2013 దాకా ఉన్న పదేళ్ళు నీవి. 2005 జులై వరకు చైనా తన రేటుని డాలర్‌కి 8.28 యువాన్ల దగ్గర కట్టేసి ఉంచింది. ఎగుమతుల మీద వచ్చిపడే డాలర్లని వాళ్ళ కేంద్ర బ్యాంకు కొనేసి యువాన్లు ఇచ్చేది. కొనకపోతే యువాన్ పైకి పోయేది, చైనా సరుకు అమెరికా కొట్లలో ఖరీదయ్యేది. రేటుని కొంచెం కొంచెంగా వదిలాక కూడా ఆ కొనుగోళ్ళు ఆగలేదు. పోగుపడిన నిల్వలు 2014 నాటికి దాదాపు 4 లక్షల కోట్ల డాలర్లు. 2007లో చైనా కరెంట్ ఖాతా మిగులు (బయటి దేశాల నుంచి వచ్చినదాంట్లో వాటికి కట్టినది పోగా మిగిలింది) వాళ్ళ స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 10 శాతం. ఇంతకంటే గట్టి సాక్ష్యం నీకు దొరకదు. అంకెలు గడగడా చదివేయకు. బ్యాంకు డాలర్ కొంటే యువాన్ ఎందుకు పెరగదో వెనక బెంచీ వాడిక్కూడా అర్థమయ్యేలా చెప్పు.

2014 తరవాతి కాలంలోకి మాత్రం అడుగుపెట్టకు. అప్పటికి డబ్బు చైనా నుంచి బయటికి పోవడం మొదలైంది. యువాన్ మరీ పడిపోకుండా అదే బ్యాంకు డాలర్లు అమ్ముకుంటూ వచ్చింది. 2017 మొదటికి నిల్వల్లో దాదాపు లక్ష కోట్ల డాలర్లు కరిగిపోయాయి. అమెరికా ఖజానా శాఖ చైనాకి "కరెన్సీ మానిప్యులేటర్" (లాభం కోసం తన కరెన్సీ రేటుని కావాలని వంచే దేశం) అని ముద్ర వేసింది ఎప్పుడనుకున్నావు? 2019 ఆగస్టులో! దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. 2020 జనవరిలో రెండు దేశాల వాణిజ్య ఒప్పందం మీద సంతకాలకి రెండు రోజుల ముందు ఆ ముద్ర తీసేశారు కూడా. కాబట్టి దాన్ని సాక్ష్యంగా పట్టుకుని వెళ్ళకు, ఎదుటివాళ్ళకి నవ్వులాటగా ఉంటుంది.

ఇక వాళ్ళు ఏం తెస్తారో చెప్తాను. 2005 నుంచి 2013కి డాలర్ 8.28 నుంచి సుమారు 6.1 యువాన్లకి వచ్చింది కదా, అయినా చైనాతో అమెరికా సరుకుల లోటు 20 వేల కోట్ల డాలర్ల నుంచి 30 వేల కోట్లు దాటిందేం అంటారు. (8.28 నుంచి 6.1కి వచ్చిందంటే యువాన్ బలపడినట్టు. స్టేజీ ఎక్కాక ఇది తిరగబడిపోతుంది, అరచేతిలో రాసుకున్నా తప్పులేదు.) జపాన్‌నీ లాక్కొస్తారు. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో డాలర్ విలువ తగ్గించాలని అయిదు దేశాలు ఒప్పందం చేసుకున్నాక 1987 ఆఖరికి జపాన్ కరెన్సీ యెన్ విలువ దాదాపు రెట్టింపైంది. జపాన్‌తో అమెరికా లోటు మాత్రం 1985లో కంటే 1987లోనే ఎక్కువ.

దీనికి జవాబు నీకు పలాస జీడి బట్టీల్లో దొరుకుతుంది. అక్కడ లెక్కలు రాసినవాణ్ణి కనక చెప్తున్నాను. రూపాయి పడితే జీడిపప్పు ఎగుమతి చేసేవాడికి పండగని పేపర్లో రాస్తారు. జీడి పిక్కలు ఆఫ్రికా నుంచి డాలర్ల మీద వస్తాయే, ఆ బిల్లు ఎవరు కడతారు? పండగ కాస్తా సగమవుతుంది. చైనా ఫోనూ అంతే. 2009 నాటి ఐఫోన్ ఫ్యాక్టరీ ఖర్చు సుమారు 179 డాలర్లు. అందులో చైనాలో బిగించినందుకు పడిన కూలి ఆరున్నర డాలర్లు. మిగతావన్నీ జపాన్, కొరియా, జర్మనీ లాంటి చోట్ల నుంచి వచ్చిన భాగాలు. లోటు పద్దులో మాత్రం 179 మొత్తం చైనా పేరు మీదే పడుతుంది. అందుకే యువాన్ పెరిగినా ధర పెద్దగా పెరగలేదు, లోటు తగ్గలేదు. రేటుకి పస లేదని దీనర్థం కాదు, పద్దు రాసే తీరు అలా ఉందని చెప్పు. చైనాకి ప్రపంచం మొత్తంతో ఉన్న మిగులు అదే కాలంలో 10 శాతం నుంచి 2 శాతం దగ్గరికి దిగింది. ఆ మాట వదలకు.

ఒక్కటి మాత్రం ఒప్పేసుకో. అమెరికా తను ఉత్పత్తి చేసేదానికంటే ఎక్కువ ఖర్చు పెడుతుంది, ఆ తేడా ఎవరో ఒకరి దగ్గర కొనక తప్పదు. 2018లో చైనా సరుకు మీద అమెరికా సుంకాలు మొదలయ్యాక చైనాతో లోటు దాదాపు 42 వేల కోట్ల డాలర్ల నుంచి 2024కి 30 వేల కోట్ల లోపుకి వచ్చింది. మెక్సికో, వియత్నాంలతో పెరిగింది, మొత్తం సరుకుల లోటు లక్ష కోట్లు దాటేసింది. ఇది నువ్వే ముందు చెప్పేస్తే వాళ్ళ చేతిలో అస్త్రం ఉండదు. "ఖర్చు అలవాటు అమెరికాది, ఆ పదేళ్ళు దానికి చవకగా అప్పు పోసింది చైనా బ్యాంకు" అని అక్కడ్నుంచి నీ దారికి తిప్పుకో. కొన్న డాలర్లని ఆ బ్యాంకు అమెరికా ప్రభుత్వ బాండ్లలో పెట్టింది, అప్పంటే అదే.

ప్రతి అంకె పక్కనా సంవత్సరమూ, సరుకులదా సేవలు కూడా కలిపినదా అన్నదీ రాసుకో. సేవల్లో అమెరికాకి మిగులుంది. ఎదుటివాళ్ళు రెండూ కలగాపులగం చేస్తే అక్కడే ఆపి అడుగు.

మొదటి రెండు నిమిషాల మాట రికార్డు చేసి వాట్సాప్‌లో పంపు, వింటాను.

మీ పెదనాన్న