సిగ్నల్ దగ్గర ఆగితే కారు ఏసీ వేడి గాలి ఎందుకు కొడుతుంది?

కారు నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి, ఆగగానే ఏసీ వేడి గాలి కొడుతుంటే ముందుగా అనుమానించాల్సింది గ్రిల్ వెనక ఉండే కండెన్సర్ ఫ్యాన్‌ని. కారు లోపలి వేడిని ఏసీ గ్యాస్ మోసుకొచ్చి కండెన్సర్‌లో వదులుతుంది. దాని మీదుగా గాలి ఆడితేనే ఆ వేడి బయటకు పోతుంది. పరుగులో ఎదురుగాలి సరిపోతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. చెన్నైలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద హాయిగా వచ్చి, మే ఎండలో టీ నగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే చెమటలు పట్టేది ఇందుకే.

ఇంజన్, ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి చూడండి, చేయి మాత్రం పెట్టకండి. ఫ్యాన్ ఎంతసేపటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్), మోటారు మెకానిక్‌కి చూపించాలి. తిరుగుతున్నా తేడా లేకపోతే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము పట్టిందేమో చూడాలి.

చాలామంది గ్యాస్ అయిపోయిందనుకుని వెంటనే నింపించేస్తారు. అది పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. ఆ లీకు పట్టుకోకుండా నింపితే డబ్బు దండగ.