ఆన్సర్ కీలో తప్పు కనిపిస్తున్నా హైకోర్టు రిట్‌ను ఎందుకు కొట్టేస్తుంది?

పోటీ పరీక్ష తుది కీలో ఒక జవాబు తప్పని తెలిసినా, నిపుణులు తేల్చిన విషయంలో తాము జోక్యం చేసుకోబోమంటూ హైకోర్టు మీ రిట్‌ను (కీని సవాలు చేస్తూ వేసిన పిటిషన్‌ను) కొట్టేయడం న్యాయమేనా అని అడిగారు. సర్వీసు (ప్రభుత్వోద్యోగాల) కేసులు వాదించే న్యాయవాదిగా ఇలాంటి రిట్లు తరచూ వేస్తుంటాను కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

కీ సరైనదేనన్న భావనతోనే కోర్టు విచారణ మొదలుపెడుతుంది. సందేహం మిగిలితే దాని ప్రయోజనం అభ్యర్థికి కాక పరీక్ష నిర్వహించిన సంస్థకే దక్కాలని రణ్ విజయ్ సింగ్ కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అదే సుప్రీంకోర్టు 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసులో విద్యార్థుల పక్షాన నిలిచింది. ఆ సబ్జెక్టు తెలిసినవారెవరూ ఒప్పుకోలేనంత స్పష్టంగా కీ తప్పైతే దాన్ని పక్కన పెట్టవచ్చని తేల్చింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదవాలి.

అందుకే ఫలితం చాలావరకు మనం జతచేసే కాగితాల మీద ఆధారపడుతుంది. పాలిటీ ప్రశ్న మీద వేసిన ఒక రిట్‌లో రాజ్యాంగ అధికరణం ఉన్న ఒక్క పేజీనే జతచేశాం. న్యాయమూర్తి దాన్ని కీతో పోల్చి చూసి, దీనికేం చెబుతారని స్టాండింగ్ కౌన్సిల్‌ను (పరీక్ష సంస్థ తరఫు న్యాయవాదిని) అక్కడికక్కడే అడిగారు. ఎకానమీ ప్రశ్న మీద వేసిన మరో రిట్‌లో గైడ్ల నుంచి తీసిన పేజీలు చాలానే ఉన్నా, వాటిలో ఒకదానికొకటి పొసగని నిర్వచనాలు ఉండటంతో అది అడ్మిషన్ దశ (విచారణకు స్వీకరించాలా వద్దా అని కోర్టు చూసే తొలి దశ) దాటలేదు. తప్పును సుదీర్ఘ తర్కంతో నిరూపించవలసి వస్తే, కోర్టు దృష్టిలో అది స్పష్టమైన తప్పు కాదు.

ఈ సంయమనం సబబేనని నా అభిప్రాయం. 2024 నీట్ భౌతికశాస్త్ర ప్రశ్న వివాదంలో కూడా సుప్రీంకోర్టు జవాబును తానే తేల్చకుండా ఐఐటీ ఢిల్లీ నిపుణుల అభిప్రాయం తెప్పించుకుంది. ఒకే జవాబు సరైనదని వారు చెప్పడంతో ఫలితాలను సవరించవలసి వచ్చింది. నాకు అభ్యంతరం ఉన్నది మరోచోట: నిపుణుల కమిటీ కారణాలేవీ రాయకుండా "కీ సరైనదే" అని ఒక్క వాక్యంతో సరిపెట్టినా కొన్నిసార్లు అది చెల్లిపోతోంది. కారణాలు చెప్పని నిపుణులకు ఆ గౌరవం దక్కకూడదు.

ఇక వివాదం నోటిఫికేషన్‌లోని నిబంధన గురించో, రిజర్వేషన్ రోస్టర్ (ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే పట్టిక) గురించో అయితే సంగతి వేరు. చట్టానికి అర్థం చెప్పడం కోర్టు పనే. మీది కీ వివాదమే కనుక, రిట్ అప్పీలు (రిట్ కొట్టివేత మీద హైకోర్టు ధర్మాసనం ముందు వేసే అప్పీలు) గడువు దాటకముందే కమిటీ నివేదిక ప్రతిని సమాచార హక్కు చట్టం కింద కోరండి, అప్పీలులోనూ దాన్ని కోర్టు ముందు ఉంచాలని అభ్యర్థించండి.