శిథిలాల్లోని నౌకలు

ప్రశ్న: అంతరిక్ష ప్రయాణాల టీవీ ధారావాహిక ‘స్టార్ ట్రెక్’లో శిథిలాల మధ్య క్షణకాలం కనిపించే అంతరిక్ష నౌకలను కూడా ఆ కథా ప్రపంచంలోని అధికారిక నౌకలుగా లెక్కించాలా? మిత్రుల మధ్య ఈ వాదన ఎంతకీ తెగడం లేదు.

జవాబు: తప్పక లెక్కించాలి. 1990లో ప్రసారమైన ఒక భాగంలో, కథలోని వోల్ఫ్ 359 అనే అంతరిక్ష యుద్ధం ముగిశాక కనిపించే శిథిలాల దృశ్యం కోసం కళాకారులు బజారులో దొరికే ప్లాస్టిక్ కిట్ల ముక్కలను కలగలిపి కొత్త నౌకలను రూపొందించారు. వాటిలో ‘న్యూ ఆర్లియన్స్’ అనే తరగతికి చెందిన నౌకను నిదానించి చూడండి; దాని దేహానికి అతికించిన లావుపాటి గొట్టాలు నిజానికి హైలైటర్ పెన్నులే! అంత శ్రద్ధతో చేసిన నమూనాను, కనిపించింది క్షణమే కదా అని తోసిపుచ్చడం నాకు న్యాయంగా తోచదు. అయితే ఇంజన్ల సంఖ్య, ఆకారం వంటి విషయాల్లో పేచీ వస్తే, తర్వాతి పుస్తకాల్లోని చిత్రాలకన్నా తెరమీది నమూనానే ప్రమాణంగా తీసుకోవాలి.