సమాధానం: వేలు చూపిస్తే వేలినే చూస్తోంది

బొమ్మవైపు వేలు చూపిస్తే 10 నెలల పాప బొమ్మను వదిలేసి మీ వేలినే చూస్తోందని అడిగారు. దానికి కారణం చాలావరకు వయసే, టెన్షన్ వద్దు. చూపించిన వైపు చూడటం ఎక్కువమందికి 9-12 నెలల మధ్య మెల్లగా వస్తుంది. ఈలోగా ఇలా చేసి చూడండి:

1. బొమ్మ దగ్గర్లో, పాప ఎదురుగా ఉండాలి.
2. అందరూ వదిలేసేది ఇదే: ముందు పేరు పెట్టి పిలిచి, పాప మీ కళ్లలోకి చూసేదాకా ఆగి, అప్పుడు మీరూ బొమ్మవైపు తల తిప్పుతూ వేలు చూపించండి, లేకపోతే మీరు చూపించేది తనకోసమేనని పాపకు తెలీదు. (వేలు ఆడించొద్దు, అదే ఆటవస్తువైపోతుంది!)
3. పాప చూసేదాన్ని మీరూ చూసి దాని పేరు చెప్పండి.

ఈ వయసు పిల్లలకు ఎదుటివాళ్ల ఉద్దేశాలు బొత్తిగా తెలియవని కాదు, మనస్తత్వ శాస్త్రవేత్త అమాండా వుడ్‌వర్డ్ 1998 ప్రయోగాల్లో 6 నెలల పిల్లలే చెయ్యి ఏ వస్తువు కోసం వెళ్తోందో గమనించారు.

ఏడాది దాటాక కూడా ఇలాగే ఉన్నా, పిలిచినా తిరగకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి.